రెండు ఇంజన్లు, ఒక బొమ్మ

జుగ్సలాయిలో రైలు కూత వినబడితే తలెత్తి చూసేవారుండరు. ఊరిని ఆనుకొనే టాటానగర్ జంక్షన్ ఉన్నది. ఉక్కు కర్మాగారానికి ముడిఖనిజం రైలు మీదనే వస్తుంది. తయారైన ఉక్కు కూడా రైలు మీద పోతుంది. ఆ కర్మాగారాన్నీ, ఆ రైల్వేనూ నమ్ముకొని ఆంధ్ర దేశం నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి.

అటువంటి కుటుంబం ఒకటి జుగ్సలాయిలో ఉన్నదనుకోండి. తండ్రి సరకుల బళ్లు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న లోకో పైలట్. కొడుకు కళాశాల విద్యార్థి. పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఏడాది పొడవునా కూడబెట్టిన సొమ్ముతో కంప్యూటర్ ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు కొనదలచాడు. ఆ సొమ్ముకు కొత్త కార్డు ఒకటి వస్తుంది. లేదా, 2017లో గొప్ప పేరు తెచ్చుకొన్న జీటీఎక్స్ 1080 టీఐ కార్డులు, ఒకరు వాడి విడిచినవి, రెండు వస్తాయి. అతని మనసు రెండింటి వైపే మొగ్గింది.

"నాన్నా, బరువైన ఖనిజం బండికి రెండు ఇంజన్లు తగిలిస్తారు కదా! ఇదీ అంతే," అన్నాడు.

తండ్రి కాసేపు ఆలోచించి, "రెండు ఇంజన్లూ ఒకే బండిని లాగుతాయిరా. నీ కార్డులు రెండూ కలిసి ఒకే బొమ్మను గీస్తాయా?" అని అడిగాడు.

కంప్యూటర్ గురించి ఏమీ తెలియని మనిషి అడిగిన ఆ ప్రశ్నలోనే అసలు విషయమంతా ఇమిడి ఉన్నది.

రెండు కార్డులు కలిసి ఒకే బొమ్మను గీసిన కాలం ఒకటి లేకపోలేదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికన్ సంస్థ వూడూ-2 కార్డును విడుదల చేసింది. రెండు వూడూ-2 కార్డులను జత చేస్తే, తెర మీది గీతలలో సరిసంఖ్యవి ఒక కార్డు, బేసిసంఖ్యవి మరొక కార్డు గీసేవి. అది నిజంగా ఒకే బండికి కట్టిన రెండు ఇంజన్ల వంటి ఏర్పాటు. తరువాత ఆ సంస్థ చితికిపోగా, దాని ఆస్తులను ఎన్విడియా కొనుక్కొన్నది. 2004లో ఎన్విడియా ఎస్ఎల్ఐ అన్న ఆ పాత పేరునే మళ్లీ వాడుకలోకి తెచ్చింది. మరుసటి సంవత్సరం ఏటీఐ సంస్థ క్రాస్‌ఫైర్ అనే పేరుతో పోటీకి దిగింది.

పేరు పాతదే గాని పని తీరు మారిపోయింది. ఆటలు జటిలమైన కొద్దీ ఒక్క బొమ్మను రెండు ముక్కలుగా పంచడం కష్టమైంది. వెలుగు, నీడ, ప్రతిబింబం వంటి లెక్కలు బొమ్మ అంతటికీ సంబంధించినవి. అందుచేత ఎక్కువగా వంతుల పద్ధతి అమలయింది. మొదటి బొమ్మ ఒక కార్డు గీస్తే రెండవ బొమ్మ రెండవ కార్డు గీస్తుంది. మూడవది మళ్లీ మొదటిదాని వంతు.

ఈ సంగతి కొడుకు విడమరచి చెప్పగానే తండ్రి నవ్వాడు. "అయితే అవి ఒక బండికి కట్టిన ఇంజన్లు కావు. ఒకే పట్టాల మీద ఒకదాని వెనుక ఒకటి వచ్చే రెండు బళ్లు. గంటకు ఎన్ని బళ్లు వచ్చాయని ప్రయాణికుడు లెక్కపెట్టడు. తన బండి వేళకు వచ్చిందా లేదా అనే చూస్తాడు."

చిక్కంతా అక్కడే ఉన్నది. సెకనుకు 60 బొమ్మలు తెర మీదికి రావాలంటే ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి రావాలి. రెండు కార్డులు వంతులు వేసుకొన్నప్పుడు ఒక బొమ్మ 5 మిల్లీసెకన్లకే వచ్చి, దాని తరువాతది 28 మిల్లీసెకన్లు ఆలస్యం చేయవచ్చు. లెక్కకు సెకనుకు 60 బొమ్మలే. కంటికి మాత్రం దాదాపు 30 బొమ్మల ఆట వలె కుదుపులతో కనబడుతుంది. ఈ సూక్ష్మమైన కుదుపును సగటు అంకె దాచివేస్తుంది. పైగా ఒక్కొక్క బొమ్మ తయారీకి పట్టే కాలం తగ్గదు గనుక, మీట నొక్కినది మొదలు తెర కదిలే వరకు గల జాప్యం కూడా సగానికి తగ్గదు.

జ్ఞాపకశక్తి విషయంలోనూ ఇదే భ్రమ. 1080 టీఐలో 11 గిగాబైట్ల మెమరీ ఉంటుంది. రెండు జత చేస్తే 22 అవుతుందనుకోవడం సహజం. వంతుల పద్ధతిలో ఒకే సామగ్రిని రెండు కార్డులూ విడివిడిగా దాచుకోవాలి కాబట్టి ఆటకు అందేది 11 మాత్రమే. ఖర్చు మాత్రం నిజంగానే రెట్టింపు. ఒక్కొక్క కార్డుకు 250 వాట్ల చొప్పున 500 వాట్లు. దానికి తగిన పెద్ద పవర్ సప్లై. మే నెల ఎండలో గదిలోకి వచ్చిపడే ఆ వేడి.

అన్నింటినీ మించిన అడ్డంకి మరొకటి ఉన్నది. నేటి ఆటలు పెక్కు కొత్త బొమ్మను గీసేటప్పుడు వెనుకటి బొమ్మ నుండి కొంత అరువు తెచ్చుకొంటాయి. వెనుకటిది పక్క కార్డులో ఉంటే దాని కోసం ఆగవలసిందే. ఈ జోడీకి ఒక్కొక్క ఆటలోనూ ప్రత్యేకమైన అమరిక కావాలి. 2021 జనవరి 1 నుండి తన పాత కార్డులకు అటువంటి కొత్త అమరికలు చేర్చబోమని ఎన్విడియా 2020లోనే ప్రకటించింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090లో రెండు కార్డులను కలిపే లంకె సైతం లేదు. అమరిక లేని ఆటలో రెండవ కార్డు ఊరక కూర్చుంటుంది.

అంతమాత్రాన పెక్కు కార్డులు పనికిరానివి కావు. యానిమేషన్ చిత్రాలు తయారుచేసే చోట, కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే చోట నేడు అవి బారులు తీరి పనిచేస్తున్నాయి. అక్కడ ఏ బొమ్మ ముందు పూర్తయినా ఫరవాలేదు. తెల్లవారేసరికి మొత్తం పని ముగియాలి. అది సరకుల బండి లెక్క. ఆట ప్రయాణికుల బండి.

కొడుకు ఆ రాత్రి కాగితం తీసుకొని తిరిగి లెక్క వేశాడు. కొత్త కార్డు ఒకటి, దానికి గ్యారంటీ, దానికి సరిపడే నాణ్యమైన పవర్ సప్లై. కార్డును ఎన్నుకొనేటప్పుడు సగటు అంకెను మాత్రమే గాక, మిక్కిలి ఆలస్యంగా వచ్చిన బొమ్మల లెక్కను కూడా చూడాలని కాగితం అడుగున రాసుకొన్నాడు.

బయట ఖనిజం బండి ఒకటి స్టేషన్ వైపు సాగిపోతున్నది. ముందు రెండు ఇంజన్లున్నాయి.

"దానికి రెండు కావాలి," అన్నాడు తండ్రి.