మన బడి వేపచెట్టుకు పేరుపలక ఏదీ?

పిల్లలూ! వేసవి సెలవుల్లో మీలో కొందరు బెంగళూరు చూసి వచ్చే ఉంటారు. మన కుందుర్పి వాళ్లకు అదేమంత దూరం కాదు గదా! బడి తెరిచాక “లాల్‌బాగ్ చూశాం సార్, భలే ఉంది” అంటారు. ఏం చూశారని అడిగితే అద్దాల మేడ, పూలు, ఫొటోలు. అంతటితో సరి!

మొన్న ఎండాకాలంలో నేనూ ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టుకుని పోయాం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి దాన్ని పెంచాడు. ఇప్పుడు దాని విస్తీర్ణం 240 ఎకరాలు.

మిట్టమధ్యాహ్నం తోటలోని పెద్ద బండ ఎక్కాం. సుమారు 300 కోట్ల ఏళ్లనాటి శిల అది. చెప్పులు విడవగానే అరికాళ్లు చుర్రుమన్నాయి. దిగివచ్చి ఒక పెద్దచెట్టు కింద కూర్చుంటే ప్రాణం లేచివచ్చింది. అదే తోట, అదే ఎండ. మరి ఇంత తేడా ఎందుకు?

“నీడ కాబట్టి” అంటారు మీరు. అది సగం జవాబే. రేకుల షెడ్డు కిందా నీడే గదా! అక్కడెందుకు ఉడికిపోతాం? రేకు ఎండకు బాగా కాగి, ఆ వేడిని మన మీదికి వెదజల్లుతుంది. ఆకు అంతగా కాగదు. దాని పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరై పోతుంటుంది. మీరు చదువుకున్న బాష్పోత్సేకం ఇదే. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కిలోకాలరీల వేడి కావాలి. 30 డిగ్రీల దగ్గరున్న 8 లీటర్ల నీటిని మరిగేదాకా కాచడానికి దాదాపు అంత వేడి చాలు! చెట్టు కింద గాలి వేడి కొద్ది డిగ్రీలే తగ్గవచ్చు. కాని ఒంటికి సోకే వేడిలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

తోటలో చెట్లకు పేరుపలకలున్నాయి. శాస్త్రీయ నామం, కుటుంబం రాసి ఉన్నాయి. మామూలు పార్కుకూ బొటానికల్ గార్డెన్‌కూ తేడా అక్కడే. మొదటిది సేద తీరుస్తుంది, రెండోది చదువు కూడా చెబుతుంది. మూడో తరగతి చదివే మా మనవరాలు ఆ పలకలు కూడబలుక్కుని చదివి, “మన బడిలో వేపచెట్టుకు పలక లేదేం తాతా?” అంది. నాకు మాట రాలేదు.

ఎందుకో చెబుతాను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో పెద్ద వేపచెట్టును కొట్టించి, ఆ చోట రేకుల షెడ్డు వేశారు. బాష్పోత్సేకం పాఠం చెప్పే నేనే ఆనాడు అడ్డు చెప్పలేదు. ఎండాకాలంలో పిల్లలు ఆ షెడ్డులో కూర్చోలేక గోడ నీడకు చేరేవాళ్లు. పాఠం పుస్తకంలోనే ఉండిపోతే జరిగేది ఇదే.

“ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఈ సీమలో చెట్లకు నీళ్లెక్కడివి?” అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెట్టు కూడా నీళ్లు తాగుతుంది. అందుకే లాల్‌బాగ్ చెట్లన్నీ ఇక్కడ నాటమని నేననను. వేప, కానుగ వంటివి మొదటి రెండు మూడు వేసవులు కాపాడితే తర్వాత చాలావరకు తమ వేళ్ల మీద తామే బతుకుతాయి. మధ్యాహ్న భోజనం ముందు మనం చేతులు కడిగిన నీళ్లు వాటి పాదుల్లోకి మళ్లిస్తే చాలు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను చూడండి. మన కరువు నేలలోనే ఊడలు దింపి, సుమారు 5 ఎకరాలు పరుచుకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది.

నా అభిప్రాయం ఒక్కటే. ప్రతి బడీ ఒక చిన్న బొటానికల్ గార్డెన్ కావాలి. అందుకు కొత్తగా తోట వేయనక్కర్లేదు, ఉన్న చెట్లను లెక్కపెట్టండి. అట్టముక్క మీద “వేప, అజాడిరక్టా ఇండికా” అని రాసి కట్టండి, మేకులు మాత్రం కొట్టవద్దు. పేరు తెలిసిన చెట్టును నరకడానికి వచ్చినప్పుడు “ఎందుకు సార్?” అని అడిగే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. ఆనాడు నేను అడగలేకపోయాను. మీరు అడగండి.