వంతెన మీద నడుద్దాం



మిర్చి సీజన్ల మన ఎనుమాముల హాస్టల్ కిటికీ తెరిస్తే చాలు, మార్కెట్ ఘాటుకు దగ్గు వస్తది. ఒక్క సెలవు రోజు అందరం లక్నవరం పోదామని నా అభిప్రాయం. అది ములుగు దాటినంక, గోవిందరావుపేట మండలంల ఉన్నది. కాకతీయుల కాలం నాటి చెరువు. ఒడ్డు నుంచి దీవికి ఇనుప తీగల మీద వంతెన వేలాడుతది. మనుషులు నడిచేందుకే అది, బండ్లు పోవు.

ఎండాకాలం సెలవులల్ల మా మామతోటి పోయిన. నాలుగడుగులు వేయంగనే వంతెన ఊగింది. తీగ గట్టిగ పట్టుకున్న. మామ నవ్విండు. నాకు నవ్వు రాలేదు. నీళ్లంటే నాకు మా ఊరి వాగే యాదికొస్తది. వానకాలం అమ్మ నా పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకొని, నా చెయ్యి పట్టి దాటించేది. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయిల మనుషులు కొట్టుకపోయి చనిపోయిండ్రు. అందుకే మాకు వాగంటే భయం.

మెల్లగ నడిమిట్లకు పోయి కిందికి చూసిన. అన్ని నీళ్ల మీద భయం లేకుండ నిలబడుడు నాకు అదే మొదటిసారి.

చూసేందుకు వంతెన కట్టుడు దండుగ అని కొందరంటరు. నేను ఒప్పుకోను. సంతోషానికి కూడ వంతెన కావాలె. కాని చెరువు మీద కట్టినోళ్లకు మా వాగు మీద కట్టుడు రాదా? రెండూ కావాలె.

వార్డెన్ మేడం, మమ్మల్ని తీసుకపోండ్రి. వరుసల నడుస్తం. వంతెన ఊపం.

— 9వ తరగతి విద్యార్థిని