కవర్లోని మిగతా మందులు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక మా పెదనాన్నకు కేపెసిటబిన్ మాత్రలు రాశారు. 14 రోజులు పొద్దునా రాత్రీ, అన్నం తిన్న అరగంటలోపు వేసుకోవాలి. ఆపైన 7 రోజులు ఆపాలి. రెండో విడతలో ఆయన ఆ ఏడు రోజులూ ఆపలేదు. మందు మానితే రోగం తిరగబెడుతుందని ఆయన భయం. నోరు పూసి, నీళ్ల విరేచనాలతో మంచాన పడ్డాకగానీ మాకు సంగతి తెలియలేదు. మందుల కవరు గుమ్మరిస్తే బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, వాటితోపాటు నీరసానికని షాపులో అడిగి తెచ్చుకున్న బలం మాత్రలు కనిపించాయి. అట్ట వెనక ఉన్న పేర్లలో ఒకటి ఫోలిక్ యాసిడ్.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన విటమినే అది. గర్భిణులకు ఎంత మేలు చేస్తుందో అందరికీ తెలుసు. కానీ కేపెసిటబిన్ ఒంట్లోకి వెళ్లి ఫైవ్ ఎఫ్‌యూ అనే మందుగా మారుతుంది. కణం డీఎన్‌ఏ తయారుచేసుకోవడానికి వాడే ఒక ఎంజైమును అది పట్టేస్తుంది. ఫోలేట్ ఆ పట్టును ఇంకా బిగిస్తుంది. అందుకే ఫైవ్ ఎఫ్‌యూని నరంలోకి ఎక్కించేటప్పుడు ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ మందును డాక్టర్లే లెక్కకట్టి జతచేస్తారు. లెక్క లేకుండా ఇంట్లో మింగితే దెబ్బ క్యాన్సర్ కణాలతో ఆగదు. నోటి పొర, పేగు పొర కూడా ఒరిసిపోతాయి.

గుండె జబ్బుకు వార్ఫరిన్ వాడేవారిలో కేపెసిటబిన్ ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తెప్పించగలదు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారి రక్తంలో దాని మోతాదు పెరిగిపోవచ్చు. వాంతులు రాకుండా కీమోతోపాటు ఇచ్చే డెక్సామెథాసోన్ మధుమేహం ఉన్నవారి షుగరును ఒక్కసారిగా ఎగదోస్తుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులే. కవరు విప్పి చూసే మనిషే కరువు.

చూడకపోతే ఏమవుతుందో 1993లో జపాన్ చూసింది. సర్పికి సోరివుడిన్ అనే కొత్త మందు బజారులోకి వచ్చింది. ఫైవ్ ఎఫ్‌యూ తరగతి మందులు వాడుతున్న క్యాన్సర్ రోగులూ దాన్ని వేసుకున్నారు. ఆ మందు పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల మరో పదార్థంగా మారి, ఫైవ్ ఎఫ్‌యూని విరిచే ఎంజైమును పూర్తిగా స్తంభింపజేసింది. విరగని మందు రక్తంలో పేరుకుపోయింది. నలభై రోజుల్లోపే 15 మంది చనిపోయారు. ఒక డాక్టరు క్యాన్సర్‌కు రాశాడు, ఇంకొకరు చర్మానికి రాశారు. రెండు చీటీలూ ఒకచోట పెట్టి చూసినవారు లేకపోవడమే వారి ప్రాణాల మీదికి తెచ్చింది.

మన దగ్గర ఆ పని చేయగలవారు లేక కాదు. 2008 నుంచి దేశంలో ఫార్మ్ డీ అనే ఫార్మసీ కోర్సు ఉంది. ఆరేళ్లు చదివి, అందులో ఒక ఏడాది ఆస్పత్రి వార్డుల్లోనే గడిపి బయటికొస్తున్న పిల్లల్లో మన తెలుగువాళ్లు ఎందరో. కీమో డే కేర్‌లో, మందు ఎక్కించే ముందు, రోగి పక్కన పదిహేను నిమిషాలు కూర్చుని కవరు మొత్తం చూడడానికి వారిలో ఒకరిని నియమించాలి. ఆరోగ్యశ్రీ కింద కీమో చేసే ప్రతి ఆస్పత్రికీ ప్రభుత్వాలు దీన్ని షరతుగా పెట్టాలి. స్కానింగుకు డబ్బు కట్టే వ్యవస్థ ఈ పదిహేను నిమిషాలకు కట్టలేదంటే నేను ఒప్పుకోను.

అది జరిగేదాకా మీరే చూసుకోవాలి. వచ్చే కీమోకు వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి మందూ, ఆకు పసరూ, చూర్ణం, టానిక్కుతో సహా కవర్లో వేసుకుని వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. కేపెసిటబిన్ వాడుతుండగా రోజూ అయ్యేదానికన్నా నాలుగు విరేచనాలు ఎక్కువైనా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా మరో మాత్ర మింగకండి. తెల్లారేదాకా ఆగకుండా, ఆ రాత్రే ఆస్పత్రికి ఫోన్ చేయండి.