గని తలుపు వద్ద పసివాళ్ళు

భూగర్భంలో, దీపమైనా లేని చీకటిలో, ఒక చెక్క తలుపు పక్కన గూడులాంటి సందులో పసివాడొకడు కూర్చుని ఉండేవాడు. బొగ్గు బండి చప్పుడు వినబడగానే తాడు లాగి తలుపు తెరవాలి. బండి దాటగానే మూయాలి. చూడటానికి తేలిక పనే. కానీ రోజుకు పన్నెండు గంటలు! తలుపు తెరచి ఉండిపోతే గాలి దారి తప్పి, గనిలో మండే వాయువు పేరుకుంటుంది. ఇందరు పెద్దల ప్రాణాలు ఒక ఎనిమిదేళ్ళ బాలుని మెలకువ మీద ఆధారపడి ఉండేవన్నమాట. 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండు గనుల్లో ఇది నిత్యకృత్యం.

ఆవిరియంత్రం బ్రిటన్‌కు సిరులు తెచ్చిందని మన పిల్లలు పాఠాల్లో చదువుతారు. ఆ యంత్రానికి బొగ్గు అందించినవారిలో స్త్రీలు, బాలికలు కూడా ఉన్నారు. నడుముకు పట్టీ, కాళ్ళ నడుమ గొలుసు తగిలించుకుని, ఇరుకు సొరంగాల్లో పాకుతూ వారు బండ్లు లాగారు. తూర్పు స్కాట్లండులోనైతే తల్లీకూతుళ్ళు బొగ్గు గంపలను వీపున మోస్తూ నిచ్చెనలెక్కేవారు.

1838 జూలై 4న యార్క్‌షైర్‌లోని సిల్క్‌స్టోన్ వద్ద కుండపోత వాన కురిసింది. హస్కర్ గనిలో మనుషులను పైకి చేర్చే యంత్రం ఆగిపోయింది. కింద వేచి ఉన్న పిల్లలు కొందరు భయపడి, మరో సొరంగ మార్గాన బయటపడబోయారు. పొంగిన వాగు ఆ మార్గంలోకే దూకి, వారిని ఒక తలుపుకు అదిమిపెట్టింది. 26 మంది మరణించారు. వారిలో 11 మంది బాలికలు.

దేశం కలత చెందింది. 1840లో విచారణ సంఘం ఏర్పడింది. 1842లో చట్టం వచ్చింది. స్త్రీలు, బాలికలు, పదేళ్ళలోపు బాలురు గనిలోకి దిగరాదన్నది దాని సారాంశం. మంచి చట్టమే. అయితే నివేదికలోని చిత్రాలు చూసిన పెద్దమనుషులను ఆ స్త్రీల అలసట కంటే వారి అరకొర దుస్తులే ఎక్కువగా కలవరపెట్టాయి. కనుకనే కాబోలు, పని పోయిన వితంతువు రేపటి నుండి ఏమి తినాలన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు. కొందరు దొంగచాటుగా మళ్ళీ గనిలోకి దిగారు.

మరొక మాట. నాటి ఇంగ్లండులో వివాహిత కూలి డబ్బు చట్టరీత్యా భర్తదే. 1870 చట్టం వచ్చేదాకా ఆమె చెమటోడ్చి సంపాదించినదానిపై ఆమెకు హక్కు లేదు. నేటి మన ఇళ్ళ ఆడపడుచులకు ఇది వింతగా తోచవచ్చు.

విగన్ ప్రాంతపు స్త్రీలు అనేకులు గని పైభాగాన బొగ్గు ఏరే పనిలో చేరారు. 1880లలో ఆ పనినీ నిషేధించాలని కొందరు పట్టుబట్టారు. ఈసారి ఆ స్త్రీలు మౌనంగా ఉండలేదు. 1887లో వారి ప్రతినిధులు లండన్‌కు వెళ్ళి, తమ పని తమకు ఉండనివ్వమని హోంమంత్రికి స్వయంగా విన్నవించుకున్నారు. ఆ నిషేధం అమలులోకి రాలేదు.