కోయడానికి కలిసే లెక్కలు ఇయ్యడానికి ఎందుకు కలవవు?



పోస్టు కొంచెం పొడుగైంది. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, రేషన్ కార్డు, వీటిలో ఏ ఒక్కదానికోసమైనా మీ ఇంట్లో ఎవరన్నా ఆఫీసుల చుట్టూ తిరిగి ఉంటే చివరిదాకా చదవండి.

మనలో చాలామందికి బేగంబజార్ తెలుసు. కొందరం సాయంత్రం పూట అక్కడి దుకాణాల్లో లెక్కలు రాసి ఖర్చులు వెళ్లదీసుకుంటున్నాం. కొందరి నాయనలు దేవరకొండ దిక్కు తండాల నుంచి వచ్చి అక్కడే హమాలీ చేస్తున్నారు. మేము పనిచేసే గోదాముల దగ్గర ఒక పద్ధతి ఉంది. పొద్దంతా ఎన్ని బస్తాలు దించారో సేటు దగ్గర ఒక చిట్టీ, ముఠా మేస్త్రి దగ్గర ఒక చిట్టీ ఉంటాయి. చీకటి పడ్డాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. 40 బస్తాలకు 38 అని రాసి ఉంటే అక్కడికక్కడే లొల్లి. దిద్దినాకనే పైసలు. సేటు మంచోడా చెడ్డోడా అన్నది వేరే ముచ్చట. పుస్తకం హమాలీ కండ్ల ముందు తెరిచి ఉంటుంది, అందుకే తప్పు నిలవదు.

సర్కారు పుస్తకం మాత్రం మన ముందు ఎవరూ తెరవరు. మా గొడవంతా అదే.

మా తోటి తమ్ముడొకరి ఇంట్లో జరిగింది చెప్తాం. వాళ్ల నాయన అదే బజార్‌లో సామాను బండి తోస్తాడు. ఒక నెల రేషన్ షాపుకు పోతే కార్డు లేదన్నారు. ఎందుకు లేదని ఆఫీసుకు పోయి అడిగితే, "నీ పేరు మీద నాలుగు చక్రాల బండి ఉంది" అన్నారు. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్నది నిజమే కదా, రోజూ తోసేది నాలుగు చక్రాల బండే! తర్వాత తెలిసిందేమంటే అదే ఇంటిపేరు, అదే పేరు ఉన్న ఇంకొకాయన కారు ఈయన ఖాతాలో పడింది. "మా సిస్టంలో గట్లనే చూపిస్తుంది, మేం ఏం చేస్తం" అని పంపేశారు. సిస్టంలో ఎవరు రాశారు, ఎవరు దిద్దాలి అంటే జవాబు లేదు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. మన రాష్ట్రంలో సమగ్ర వేదిక అని ఒక ఏర్పాటు ఉంది. రెండు డజన్లకు పైగా శాఖల సమాచారాన్ని, అంటే బండ్ల రిజిస్ట్రేషన్, కరెంటు, ఇంటి పన్ను, పింఛన్ల వంటి లెక్కలను ఒకచోట పెట్టి, ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని కంప్యూటర్ తేలుస్తుంది. తెలంగాణ వచ్చాక కొన్నేళ్లలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పరిశీలిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. అన్నేళ్లూ వాళ్లు తినకుండా పోయిన బియ్యం ఎవరు తిరిగి ఇస్తారు?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి మనిషిని గుర్తుపట్టే యంత్రం ఎక్కడ ఎక్కువ తడబడుతుంది? మన దగ్గరే. ఒక తండాలో సగం ఇండ్లు బానోత్, మిగతా సగం ధరావత్ అయితే, అందులో నలుగురు రాజులు, ఐదుగురు లక్ష్ములు ఉంటే ఏం పోలుస్తుంది? వీధి పేరు ఉండదు, ఇంటి నంబరు ఉన్నా ఎవరికీ గుర్తుండదు. పైగా ఒకే మనిషి ఆధార్‌లో బానోత్, పదో తరగతి మెమోలో బానోతు, పాస్‌బుక్‌లో బాణోత్. ఆదిలాబాద్ దిక్కు ఆత్రం, మడావి ఇంటిపేర్ల వాళ్లను అడగండి, భద్రాచలం దిక్కు సోడి, మడకం వాళ్లను అడగండి. రాసినోడి చెవికి ఎట్ల వినబడితే అట్ల రాశాడు. వాడి తప్పుకు ఇద్దరు ఒక్కరవుతున్నారు, ఒక్కరు ఇద్దరవుతున్నారు. రెండు రకాలుగానూ నష్టం మనకే.

ఇక్కడ ఒక మాట అడగాలి. నాయన పేరు మీద లేని కారును వెతికి పట్టుకోవడానికి ఇన్ని శాఖలు కలిశాయి కదా, కొడుకు ఎస్టీ అని తెలుసుకోవడానికి ఎందుకు కలవవు? 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు ఊళ్లో లేకపోతే లెక్కలోకి రామేమోనని పట్నంలో పనిచేసేటోళ్లంతా కూలి వదులుకొని, కిక్కిరిసిన బస్సుల్లో ఊళ్లకు పోయారు. మళ్లీ 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వే. కులం చెప్పాం, ఆదాయం చెప్పాం, భూమి చెప్పాం. రాష్ట్రంలో ఎస్టీలు 10.45 శాతం అని లెక్క కూడా ప్రకటించారు. అంత లెక్క చేతిలో పెట్టుకొని, ఇంటర్‌లో ఒకసారి, డిగ్రీలో ఒకసారి, హాస్టల్‌కు ఒకసారి, స్కాలర్‌షిప్‌కు ఇంకోసారి "కుల ధ్రువీకరణ తీసుకురా" అంటారు. ఆదాయం ఏటా మారొచ్చు, ఒప్పుకుంటాం. కులం మారుతుందా? ఒక సర్టిఫికెట్ కోసం మన అమ్మ రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలా?

పోడు భూముల్లోనూ ఇదే కథ. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అటవీ శాఖ హద్దు ఒకటి, రెవెన్యూ హద్దు ఇంకొకటి. రెండు శాఖల పటాలు కలవకపోతే దున్నినోడి మీద కేసు. పటాలు గీసినోళ్ల మీద ఏమీ లేదు.

గ్రూపులో కొందరు అంటారు, "దొంగ కార్డులు లేవా? ఉన్నోళ్లు కూడా తింటలేరా?" అని. ఉన్నారు. వాళ్ల కార్డులు తీసేయండి, మేము అడ్డం పడం. శాఖలు కలవొద్దని కూడా మేము అనడం లేదు. కలిస్తే మేలు కూడా ఉంది. ఇవాళ తండా కార్డుతో పట్నంలోని రేషన్ షాపులో బియ్యం తీసుకోగలుగుతున్నాం, అది లెక్కలు కలవడం వల్లనే. మేము వద్దంటున్నది యంత్రం వేసిన అనుమానాన్నే తీర్పు చేయడం.

అందుకే మా డిమాండ్లు నాలుగు.

ఒకటి, యంత్రం ఏం చెప్పినా సరే, నోటీసు ఇవ్వకుండా, మనిషి వచ్చి ఇల్లు చూడకుండా కార్డు గానీ పింఛను గానీ ఆపొద్దు. విచారణ అయ్యేదాకా బియ్యం రావాలి.

రెండు, ఒకసారి ఖాయమైన కులాన్ని శాఖలే ఒకదాన్నుంచి ఇంకొకటి తీసుకోవాలి. విద్యార్థిని పోస్ట్‌మన్‌ను చేయొద్దు.

మూడు, నా పేరు మీద ఏ శాఖలో ఏం రాసి ఉందో నాకు తెలుగులో చూపించాలి. తప్పుంటే ఒకేచోట దిద్దించుకునే వీలుండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో సవరణ కోరే హక్కు రాసి ఉంది. కానీ సంక్షేమ పథకాల కోసమైతే మన సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకోవచ్చని కూడా అదే చట్టం సర్కారుకు వీలిచ్చింది. అడగకుండా తీసుకునేటోళ్లు కనీసం చూపించనైనా చూపించాలి.

నాలుగు, కోత జాబితాను గ్రామసభలో గట్టిగా చదవాలి. ఇది కొత్త కోరిక కాదు. ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ నడిచింది. మస్టర్లు ఊరి ముందు చదివితే పని చేయనోడి పేరు ఎవరిదో, కూలి అందనోడు ఎవరో ఊరే చెప్పింది. ఏ రాజు కారున్న రాజో తండాకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు.

మనం చేయాల్సింది కూడా ఉంది. దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లో వాళ్ల ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, మెమో నాలుగూ పక్కపక్కన పెట్టండి. పేర్లు ఎక్కడ తేడా ఉన్నాయో రాసుకోండి. కార్డు పోయినోళ్లు ఉంటే, ఏ శాఖ రికార్డు చూసి తీసేశారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టించండి. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలి. అర్జీ రాయడం రాకపోతే ఈ గ్రూపులో అడగండి, రాసి పెడతాం. అట్ల వచ్చిన జవాబులన్నీ ఒకచోట చేర్చి అడిగితే "మీ ఒక్కరి ప్రాబ్లం" అని పంపేయలేరు.

బేగంబజార్‌లో బడికి పోని హమాలీ రెండు చిట్టీలు పక్కపక్కన పెట్టించి తన లెక్క తేల్చుకుంటున్నాడు. చదువుకున్న మనం సర్కారుతో ఆ పని చేయించలేమా?

జై భీమ్. జై ఆదివాసీ. జై సేవాలాల్.