కోలారు: గని మూసిన తరువాత

మా పొందూరులో వాలుగ చేప దవడయెముకతో పత్తిని దువ్వుచున్న ముదుసలిని చూచినప్పుడెల్ల నాకు కర్ణాటకములోని కోలారు బంగారుగనులు జ్ఞాపకము వచ్చును. పోలిక వింతగా తోచవచ్చును. ఆమెకు వచ్చు కూలి చాలదన్నది వేరొక వ్యాసమునకు విషయము. కాని ఆ యెముక ఆమెది, ఆ నేర్పు ఆమెది. కోలారు కార్మికునికి తనదని చెప్పుకొనుటకు ఏమున్నది?

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఇంగ్లీషు కంపెనీ అక్కడ పని చేపట్టినది. పొరుగున నున్న చిత్తూరు నుండి తెలుగువారు, ఉత్తరార్కాటు నుండి తమిళులు కూలికి పోయిరి. బీడునేల పట్టణమైనది. 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చినది. బెంగుళూరు వీథులలో ఆ దీపములు వెలిగినది 1905లో! దొరలకు బంగళాలు, క్లబ్బు. కూలీలకు ఇరుకు గదుల వరుసలు. ఇల్లు, నీరు, ఆసుపత్రి అన్నియు కంపెనీవే.

చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగినది. అచ్చట రాయియే సెగలు గ్రక్కును. పైబరువునకు ఒక్కొక్కప్పుడు ఫెళ్లున పగులును. రాతిధూళి ఊపిరితిత్తులను తినివేయును. నూట ఇరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలికి వచ్చినది. 1956లో మైసూరు ప్రభుత్వము, పిమ్మట కేంద్రము గనులను తీసికొన్నవి. లోతుతోపాటు ఖర్చు పెరిగినది, రాతిలో పసిడి తగ్గినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి.

నష్టపు గనిని మూయక తప్పదు అనువారితో నాకు పేచీ లేదు. కాని ఖనిజము తరుగుచున్నదని లెక్కల పుస్తకములకు ఏండ్ల ముందే తెలియును గదా! ఆ యేండ్లలో ఊరికి మరియొక వృత్తిని ఏల నేర్పలేదు? పాతాళమున రాయి పగులగొట్టు నేర్పునకు భూమిపై అంగడి లేదు. అందుచే ఆ కుటుంబముల వారు ఎందరో తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి, చీకటిపడిన పిదప ఇల్లు చేరుచున్నారు. ఊరి చుట్టును సయనైడు మడ్డి గుట్టలు మిగిలినవి. గాలి వీచిన వాటి దుమ్ము ఇండ్లలోనికి వచ్చును.

నా చిన్ననాట పరీక్షలో ‘బంగారము – కోలారు’ అని జతపరచి మార్కు తెచ్చుకొంటిని. ఆ బంగారమును త్రవ్విన వారెవరని మా మాస్టారు అడుగలేదు. నేనును చిరకాలము నా విద్యార్థులను అడుగలేదు. ఇప్పుడు అడుగుచున్నాను. మన గరివిడి ప్రాంతపు మాంగనీసు గనులను గూర్చియు అడుగుచున్నాను. మొన్న ఒక కుఱ్ఱవాడు లేచి, “మా తాత ఆ గనిలోనే పనిచేసెనండి, వ్రాసికొని రానా?” అనెను.