గాల్లో గొడవకు నేల మీద జవాబుదారీ ఎవరు?

న్యూయార్క్ నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిరిండియా విమానంలో మద్యం మత్తులో ఉన్న ప్రయాణికుడొకరు ఒక వృద్ధురాలి మీద మూత్రం పోశారన్న ఫిర్యాదు 2022 నవంబరు 26 నాటిది. దేశానికి ఆ సంగతి తెలిసింది 2023 జనవరిలో. విమానం దిగిన రోజు నిందితుడు ఎవరి అడ్డూ లేకుండా ఇంటికి వెళ్లిపోయాడు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆరా తీసేదాకా ఎయిరిండియా ఆ సంస్థకు సంగతి చెప్పలేదు. వార్త బయటికి పొక్కాకే అరెస్టు జరిగింది. సంస్థకు రూ.30 లక్షల జరిమానా పడింది, పైలట్ లైసెన్సు మూడు నెలలు సస్పెండైంది, క్యాబిన్ సిబ్బందికి షోకాజ్ నోటీసులిచ్చి డ్యూటీ నుంచి తప్పించారు. నిందితుడిపై సంస్థ విధించిన ప్రయాణ నిషేధం నాలుగు నెలలు.

విమానంలో గొడవ జరిగిన ప్రతిసారీ మన చర్చ ప్రయాణికుడి సంస్కారం దగ్గర మొదలై ఎయిర్‌హోస్టెస్ ఓర్పు దగ్గర ఆగిపోతుంది. టికెట్ అమ్మిన సంస్థ మాత్రం పక్కకు తప్పుకుంటుంది. ఆ సంస్థను చర్చ మధ్యలోకి తేకుండా ఈ సమస్య తీరదని నా నమ్మకం.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో తెలుసుకోవాలి. టేకాఫ్‌కు ముందు దీపాలు తగ్గించాక తలుపు పక్కన జంప్ సీటులో కూర్చున్న ఎయిర్‌హోస్టెస్‌ను ఈసారి గమనించండి. బెల్టులు బిగించుకుని, వీపు సీటుకు ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటుంది. ఆ కాసేపూ ఆమె మనసులో ఒక పాఠం నడుస్తుంది. విమానం ఇప్పుడే ఆగిపోతే ఏ తలుపు తీయాలి, బయట మంటలుంటే జనాన్ని ఎటు మళ్లించాలి, ఏమని అరవాలి, సాయం చేయగలిగినవాళ్లు ఏ వరుసలో ఉన్నారు? ప్రతి టేకాఫ్‌కూ, ప్రతి ల్యాండింగ్‌కూ ఈ పాఠం తప్పదు. ఆమెను విమానంలో ఉంచింది ఇందుకే. యాభై సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలన్న నిబంధన భోజనాల వడ్డన కోసం పుట్టలేదు. సగం తలుపులే పనిచేసినా అందరినీ 90 సెకన్లలో బయటికి పంపగలమని నిరూపించాకే ఒక పెద్ద విమానం మోడల్‌కు అనుమతి దొరుకుతుంది.

ఆ శిక్షణ విలువ 2024 జనవరి 2న టోక్యో హనెదా విమానాశ్రయంలో లోకమంతా చూసింది. రన్‌వే మీద మరో విమానాన్ని ఢీకొని మండిపోతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సంచులు వదిలేసి రండని సిబ్బంది అరిచారు, ప్రయాణికులు విన్నారు. మన విమానాల్లో ఆ మాట ఎంతమంది వింటారు? శంషాబాద్‌లో చక్రాలు నేలను తాకీ తాకగానే బెల్టులు విప్పిన చప్పుడు వరసగా వినిపిస్తుంది. విమానం ఇంకా కదులుతూనే ఉంటుంది, సగం మంది లేచి పై అరల్లోంచి సంచులు లాగుతుంటారు. బెల్టుతో కూర్చోవలసిన ఎయిర్‌హోస్టెస్ లేవలేక మైకులో బతిమాలుతుంటుంది. మామూలు రోజున ఆమె మాటకు విలువ లేకపోతే ప్రమాదం నాడు హఠాత్తుగా వస్తుందనుకోవడం భ్రమ.

ఇక్కడ తప్పు ప్రయాణికుడిదే అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆమెను సేవకురాలిగా చూడడం అతనికి ఎవరు నేర్పారు? అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో వెలువరించిన పుస్తకం కోసం డెల్టా ఎయిర్‌లైన్స్ శిక్షణను దగ్గరగా పరిశీలించారు. విమానాన్ని మీ ఇంటి హాలు అనుకోండి, విసిగించే ప్రయాణికుణ్ణి పసిపిల్లాడనుకోండి అని అక్కడ నేర్పేవారు. అంటే వచ్చిన కోపాన్ని మింగడం కూడా జీతంలో భాగం. మన దేశంలో ప్రకటనలు దశాబ్దాలుగా ఆమె అందాన్నీ నవ్వునీ అమ్మాయి. మొదటిసారి గర్భం దాల్చగానే ఉద్యోగం ఊడే నిబంధన ఎయిరిండియాలో 1981 దాకా ఉండేది. నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక ఆలస్యాల సంగతి. 2024 జనవరిలో పొగమంచు వల్ల గంటల తరబడి నిలిచిపోయిన ఢిల్లీ-గోవా విమానంలో, ఆలస్యం గురించి చెబుతున్న పైలట్ మీదికి ఒక ప్రయాణికుడు వెనక వరుస నుంచి దూసుకొచ్చి చెయ్యి చేసుకున్నాడు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. పైలట్ల విశ్రాంతి గురించిన కొత్త నిబంధనలకు ఆ సంస్థ సకాలంలో సిద్ధం కాకపోవడం అందుకు ప్రధాన కారణం. ఆ నిర్ణయాలు తీసుకున్నవారెవరూ కౌంటర్ల దగ్గరికి రాలేదు. తిట్లు తిన్నది యూనిఫాంలో ఉన్న ఇరవై మూడేళ్లవాళ్లు. పెళ్లికో, చావుకో, ఉద్యోగ ఇంటర్వ్యూకో అందుకోలేకపోయిన మనిషి కోపం అర్థం చేసుకోదగ్గదే. ఆ కోపానికి జవాబు చెప్పవలసినవారు ఎదురుగా లేకపోవడమే అన్యాయం.

ఎదురుగా ఉన్నవాళ్ల పరిస్థితి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చాలా సంస్థల్లో క్యాబిన్ సిబ్బంది రాబడిలో పెద్ద భాగం ఎగిరిన గంటల లెక్కన వచ్చే అలవెన్సు. విమానం కదిలాకే ఆ గడియారం మొదలవుతుంది. ప్రయాణికులను ఎక్కించడం, సంచులు సర్దించడం, ఆలస్యమైనప్పుడు తలుపు దగ్గర నిలబడి మాటలు పడడం ఆ లెక్కలోకి రావు. అంటే జనం కోపం తారస్థాయిలో ఉండే గంటలే ఆమెకు అలవెన్సు లేని గంటలు. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడాకు చెందిన దాదాపు పది వేల మంది క్యాబిన్ సిబ్బంది సమ్మెకు దిగింది ప్రధానంగా ఈ విషయం మీదే. మన దగ్గర ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు.

అసలు ఇబ్బంది పెట్టే ప్రయాణికుడెవరు? గల్ఫ్ విమానాల్లో జగిత్యాల నుంచో, కోనసీమ నుంచో తొలిసారి వెళ్లే కూలీలను, ఇంటి పనివాళ్లను చూసి ముఖం చిట్లించేవారుంటారు. బెల్టు పెట్టుకోవడం రాక, కాల్ బెల్ ఎందుకో తెలియక వాళ్లు తడబడతారు. తెలియనితనం చెబితే పోతుంది. వాళ్లతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడే సిబ్బంది ఒకరుంటే సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది. సంస్థలు ఆ ఏర్పాటు చేయకుండా వాళ్లకు మర్యాద తెలియదనడం అన్యాయం. నిజంగా భయపెట్టేది హోదా. 2017 మార్చిలో శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఢిల్లీలో ఎయిరిండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టానని కెమెరాల ముందే చెప్పుకున్నారు. అదే ఏడాది జూన్‌లో విశాఖ విమానాశ్రయంలో కౌంటర్ వద్ద గొడవ చేశారన్న ఆరోపణపై అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డిని విమానయాన సంస్థలు నిషేధించాయి. అప్పటి పౌర విమానయాన మంత్రి అశోక్ గజపతిరాజు ఆయన పార్టీవారే. రెండు నిషేధాలూ కొద్ది వారాల్లోనే తొలగిపోయాయి.

ఆ ఏడాది సెప్టెంబరులో డీజీసీఏ కొత్త నిబంధనలు తెచ్చింది. నోరు పారేసుకుంటే మూడు నెలల దాకా, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాలకు ముప్పు తెస్తే కనీసం రెండేళ్లు నిషేధం. విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. కాగితం మీద మంచి చట్రమే. కానీ ఈ యంత్రం కదలాలంటే మొదట పైలట్ ఫిర్యాదు చేయాలి, ఆ పైన సంస్థ కమిటీ ముందుకు తేవాలి. ఫిర్యాదు చేస్తే ఒక కస్టమర్ పోతాడు, పేరు పత్రికలకెక్కుతుంది. తొక్కిపెడితే పోయేదేమీ లేదు. చెంపదెబ్బ తిన్న ఉద్యోగినికి ఈ వ్యవహారంలో స్వతంత్రంగా చోటే లేదు. న్యూయార్క్ విమానంలో జరిగింది నూటికో కోటికో ఒకటని సర్దిచెప్పుకోలేం. పది రోజుల తర్వాత పారిస్-ఢిల్లీ విమానంలో జరిగిన గొడవను నివేదించనందుకు అదే సంస్థకు మరో రూ.10 లక్షల జరిమానా పడింది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే 2022లో 568 విమానాలకు ఒకటిగా ఉన్న ఇలాంటి ఘటనలు 2023లో 480కి ఒకటయ్యాయని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం లెక్క చెప్పింది.

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఇప్పుడు ఈ శాఖ చూస్తున్నారు. ఆయన నుంచి కోరవలసినవి మూడు. గాయపడిన, అవమానపడిన సిబ్బంది పైలట్‌తోనూ సంస్థతోనూ నిమిత్తం లేకుండా నేరుగా డీజీసీఏకు ఫిర్యాదు చేసుకోగలగాలి, అందుకు ఉద్యోగానికి ముప్పు రాకూడదు. దాడి జరిగితే పోలీసు కేసు పెట్టించడం, కోర్టు ఖర్చు భరించడం సంస్థ బాధ్యత కావాలి. తలుపు దగ్గర నిలబడిన ప్రతి గంటకూ వేతనం లెక్కగట్టాలి. మొదటి దానికి పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. 2017 నాటి నిబంధనలను సవరిస్తూ డీజీసీఏ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. మంత్రి ఆ ఉత్తర్వు ఈ ఏడాదే ఇప్పించాలి.